కాపలా కాసిన పులుసు

టీవీలో రోగి భార్య చేతిలోంచి డాక్టరు పాలగ్లాసు లాక్కోగానే ఎంకవ్వ గుండె ఝల్లుమంది. అంతసేపూ ఆ నాటకంలో డాక్టర్లంతా తలలు పట్టుకున్నారు. జ్వరం లేదు, గడ్డ లేదు, మనిషి మాత్రం రోజురోజుకూ నీరసించిపోతున్నాడు. తీరా తేలిందేమిటి? పెళ్లామే పాలలో విషం కలుపుతోంది! మహారాష్ట్రలోని నాందేడులో ఎంకవ్వ ఉండే వాడ మొత్తానికి టీవీ ఉన్నది విమలాబాయి ఇంట్లోనే. చాపమీది ఆడవాళ్లంతా ఆ పెళ్లాన్ని తిట్టిపోశారు. ఎంకవ్వ తిట్టలేదు. పక్కనే కూర్చున్న కోడలు మంగళ వైపు చూసింది.

కొడుకు దేవిదాస్ ఎవరిదో పెళ్లిభోజనం తిని వచ్చి నాలుగు రోజులుగా కడుపునొప్పి అంటున్నాడు. ఆ భోజనం ఊరంతా తిన్నది, వీడికే ఎందుకు నొప్పి? మంగళ కాపురానికొచ్చి ఏడాదైనా కాలేదు. అడిగితే తప్ప మాట్లాడదు. ఎంకవ్వకు ఆ మాత్రం సాక్ష్యం చాలు, నిజానికి అదీ అక్కర్లేదు.

మర్నాడే అటకమీది ఇత్తడి గిన్నె దించింది. వీధిలోకొచ్చిన కళాయివాణ్ణి ఆపి లోపల తగరం పూత వేయించింది.

"సన్నగ ఏసి మోసం జేస్తే ఊకోను. మందంగ ఎయ్యి. అద్దం లెక్క మెరవాలె," అంది.

ఆ రోజు నుంచి కొడుక్కి వంట ఆ గిన్నెలోనే, తన చేత్తోనే. చింతపండు పులుసంటే వాడికి ప్రాణం, రోజూ అదే కాచింది. తనకూ కోడలికీ అల్యూమినియం గిన్నెలో పప్పు. పులుసు మీద మూత పెట్టి, మూతమీద రాయి పెట్టి, ఎదురుగా పీట వేసుకుని కూర్చునేది. ఖజానాకు కూడా అంత కాపలా ఉండదు.

"అత్తా, గింత పులుపు ఆయనకు పడతలేదేమో," అంది మంగళ ఒకసారి.

"నీ చేతి తిండి పడలేదు గని, నా పులుసు పడదా?"

రెండు నెలలకు దేవిదాస్ ముఖం పాలిపోయింది. నొప్పొస్తే మోకాళ్లు ముడుచుకుని మెలికలు తిరిగేవాడు. నీళ్లలో కలుపుతోందేమోనని ఎంకవ్వ బిందెకూ కాపలా కాసింది. మంగళ పెట్టె విప్పించి జాకెట్ల మడతల్లో పొట్లాల కోసం వెతికింది. కుంకుమ భరిణె దొరికితే దాన్నీ వాసన చూసింది. ఆఖరికి వాడంతా వినేలా, "నా కొడుకును సంపుతున్నవే!" అని అరిచి, కోడల్ని గోకుందలోని పుట్టింటికి వెళ్లగొట్టింది. దేవిదాస్ మంచం మీంచి ఆపబోయాడు. చెయ్యి సరిగా లేవలేదు.

మంగళ వెళ్లి పదిహేను రోజులైనా నొప్పి తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. ఇప్పుడు ఎవర్ని అనుమానించాలి? ఇంట్లో తనూ కొడుకూ తప్ప మరొకరు లేరు. ఎంకవ్వకు మొదటిసారి భయం వేసింది.

దవాఖానాలో డాక్టరు దేవిదాస్ పెదవి ఎత్తి చూశాడు. చిగుళ్ల అంచున నీలంగా గీత ఉంది. సీసంతో పనిచేస్తాడా అని మరాఠీలో అడిగాడు. బట్టల దుకాణంలో గుమాస్తా అంది ఎంకవ్వ. అయితే వంట చేసే గిన్నె తెమ్మన్నాడు. ఆమె గర్వంగానే తెచ్చింది. డాక్టరు తెల్లకాగితంతో గిన్నె లోపల గట్టిగా రుద్దాడు. కాగితం మీద నల్లటి చార పడింది.

"కళాయివాడు తగరంలో సీసం కలిపి పూశాడు. ఇందులో పులుపు కాచినప్పుడల్లా ఆ విషం తిండిలోకి దిగింది. పరీక్షకు పంపుతాను. ఇది మానేసి మందులు వాడితే బతుకుతాడు," అన్నాడు. "ఇందులో వండిందెవరు?"

ఎంకవ్వ అక్కడే నేలమీద కూలబడింది. "నేనే సారూ. నేనొక్కదాన్నే," అంది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఒక చిట్టీ రాసియ్యుండ్రి సారూ. మరాఠీల రాయుండ్రి. మా కోడలు సదువుతది."

డాక్టరు కలం తీశాడు. "ఏమని రాయను?"

"నీ మొగనికి ఇసం పెట్టింది మీ అత్తనే అని."