కుర్చీది తప్పు

కుర్చీలు బాగుచేసేవాడు కుర్చీలోంచి లేవలేకపోతే ఎంత నామర్దా చెప్పండి. అందుకే ఆయన మొదటిరోజే తేల్చేశాడు, తప్పు తనది కాదు, కుర్చీదని.

"దీని ఎత్తు తక్కువైంది. తొడలు పట్టేస్తున్నాయి," అన్నాడు, రెండు చేతులూ ఆనించి మూలుగుతూ లేస్తూ.

భార్య కుట్టుమిషను మీంచి తలెత్తలేదు. వీధివైపు గదిలో ఆయన చెక్కపనీ స్ప్రింగుల పనీ చూస్తాడు. కిటికీ పక్కన ఆవిడ సీట్లకు తొడుగులు కుడుతుంది. పెళ్లయిన నాటినుంచీ మొగుడి మీద ఆవిడకు ఒక్కటే అభిప్రాయం: పనిమంతుడే, మొదలుపెట్టడానికే బద్ధకం. కూర్చుంటే లేవడు, లేస్తే కూర్చోడు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది," అంది దారం కొరుకుతూ.

ఆయన వింటేగా. కుర్చీ కాళ్ల కింద చెక్కముక్కలు బిగించాడు. కొన్నాళ్లు బాగానే ఉంది. మళ్లీ లేవలేకపోయాడు, మళ్లీ ముక్కలు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం కదా, ఇంట్లో కుర్చీలన్నిటికీ నాలుగు కాళ్లూ పెంచేదాకా ఊరుకోలేదు. భోజనాల బల్ల మోకాళ్ల దగ్గరికొచ్చింది. ఆవిడ తినడానికి కూర్చుంటే పాదాలు గాల్లో ఊగేవి.

"నేనేమన్నా చంటిపిల్లనా? చేసే చేత్తో ఓ నిచ్చెన కూడా చేసిపెట్టండి."

"చేస్తాలే. ముందు కాసిని మంచినీళ్లు ఇటివ్వు. నోరు పిడచకట్టుకుపోతోంది."

ఈ మంచినీళ్ల గోల ఒకటి. తెల్లారింది మొదలు నోరెండిపోతోందని ఆయన అడగడం, ఆవిడ కుట్టు ఆపి తెచ్చివ్వడం. ఒళ్లు మండిపోయేది ఆవిడకి. కూర్చున్నచోటినుంచి పని చేయించుకోవడానికి కొత్త ఉపాయం కనిపెట్టాడనుకుంది. అలా అనుకోవడానికి కారణం కూడా ఉంది. పొద్దున్నే సుత్తి పట్టుకుంటే చేతిలోంచి జారిపోయేది. తిట్టుకుంటూ నాలుగు దెబ్బలు వేశాక పట్టు కుదిరి, కాసేపు మామూలు మనిషిలా కొట్టేవాడు. నిజంగా జబ్బయితే పని చేసేకొద్దీ నీరసం రావాలి గానీ బలం వస్తుందా? ఎవరికి చెబుతారీ కబుర్లు అని పళ్లు నూరింది.

ఒకనాడు లోపలినుంచి పిలిచాడు. ఎప్పటి పిలుపు కాదది. పరుగెత్తి వెళ్తే, అంత ఎత్తు కుర్చీలోంచీ లేవలేక బల్ల అంచు పట్టుకుని బిక్కచచ్చి ఉన్నాడు.

"ఇంక పెంచడానికి లేదే దీన్ని," అన్నాడు మెల్లగా.

 ఆవిడ ఆ పూటే నరాల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

"చేతులు ఆనించకుండా లేవండి," అంది డాక్టరమ్మ.

ఆయన లేవలేదు. వంగి కుర్చీ అడుగు తడిమాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? "స్ప్రింగులు కుంగిపోయాయమ్మా. పంపించండి, బాగుచేసిస్తాను."

డాక్టరమ్మ నవ్వి రెండు వేళ్లు చాపింది. "గట్టిగా పట్టుకుని అలాగే ఉండండి." మొదట పసివాడి పట్టులా ఉంది. పట్టుకున్నకొద్దీ బిగిసింది.

"చూశారా," అంది భార్య ఉండబట్టలేక. "తలుచుకుంటే చేయగలరు. అంతా బద్ధకం."

"బద్ధకం కాదమ్మా. మొదట సత్తువ లేకుండా, పట్టుకున్నకొద్దీ రావడమే ఈ జబ్బు గుర్తు. నోరెండిపోతోందంటారా? సిగరెట్లు కాల్చేవారా?"

రెండింటికీ ఆవిడే తలూపింది.

మామూలు ఎక్స్‌రేలో ఏమీ లేదు. డాక్టరమ్మ వదలకుండా పెద్ద స్కాన్ తీయించింది. ఊపిరితిత్తుల మధ్య చాటుగా చిన్న గడ్డ దొరికింది.

"క్యాన్సరే," అంది. "మీ ఒళ్లు దాన్ని పసిగట్టి పోరాడుతోంది. కానీ ఆ గడ్డ మీదున్న గుర్తులాంటిదే, నరాలు కండరాలకు కబురందించే చోటా ఉంటుంది. ఒంటి కాపలావాళ్లు తేడా తెలియక రెండింటినీ కొడుతున్నారు."

"కంచే చేను మేస్తోందన్నమాట," అన్నాడాయన.

"అవును. ఆ మేత వల్లే దొంగ త్వరగా దొరికాడు. ఇంకా ఎక్కడికీ పాకలేదు. మందులిస్తాం, కిరణాలు పెడతాం. మాటివ్వలేను, ఆశ మాత్రం ఉంది."

ఇంటికొచ్చాక ఆవిడ మిషను ముట్టుకోలేదు. అంత జబ్బు ఒంట్లో పెట్టుకుని గుక్కెడు నీళ్లడిగిన మనిషిని నోటికొచ్చినట్టు అన్నానే అని కుమిలిపోయింది.

"ఊరుకోవే," అన్నాడాయన. "నేను బద్ధకస్తుణ్నే. అది నువ్వు తప్పేం చెప్పలేదు."

మందులు మొదలయ్యాయి. జుట్టు రాలింది, తిన్నది ఇమడలేదు. ఆవిడ మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి రెండు వేళ్లు చాపేది. "పట్టుకోండి." చాలాకాలం అదే మెత్తని పట్టు, తర్వాతే బిగువు. ఆవిడకు రాత్రంతా ఆ క్షణం గురించే బెంగ. ఎప్పుడైనా మొదటి పట్టు కాస్త గట్టిగా అనిపిస్తే, సుత్తి తీసుకుని ఆయన కుర్చీకి ఒక వరుస చెక్కముక్కలు ఊడగొట్టేది. పని చేతకాదు కాబట్టి కుర్చీ ఒకవైపు ఒరిగిపోయేది. ఆయన తల పట్టుకునేవాడు గానీ, పల్లెత్తు మాట అనేవాడు కాదు.

చివరి వరుస ఊడిన తర్వాత ఒకనాడు, ఆయన పాత ఎత్తుకు దిగిన కుర్చీలో వెనక్కి వాలి, "కాసిని మంచినీళ్లు ఇటివ్వు," అన్నాడు.

ఆవిడ చేతిలోని కత్తెర కింద పడింది. మళ్లీ వచ్చిందా? పరుగున వచ్చి వేళ్లు చాపింది. ఆయన పట్టుకున్నాడు. మొదటి పట్టుకే వేళ్లు నలిగాయి.

"నోరెండిపోతోందా?" అంది.

"లేదే."

"లేవండి ఒకసారి."

ఆయన చేతులు కట్టుకుని లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు. "లేవగలను. లేవబుద్ధి కావడం లేదు, అంతే."

ఆవిడ చెంగుతో మొహం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, కాపురానికొచ్చాక మొదటిసారిగా, కిక్కురుమనకుండా వెళ్లి నీళ్లు తెచ్చిచ్చింది.

రెండో గ్లాసు అడిగినప్పుడు మాత్రం తిట్టింది.