పెళ్ళిసంబంధాల కేంద్రంలో నా కాపురం

నేను ఒక లేజర్ ప్రింటర్‌ని. రంగులు రావు, నలుపూ తెలుపే. నా ఆయుష్షులో ఎక్కువ భాగం పెళ్ళిసంబంధాల కేంద్రంలో గడిచింది. అక్కడ తమ లోపం తాముగా బయటపెట్టేవాళ్ళు ఎవరూ ఉండరు కాబట్టి, నేనైనా ముందే చెప్పేస్తున్నాను. ఇప్పుడు నా మకాం తణుకులో ఒక రిపేరు కొట్టు అటక. చేతినిండా తీరిక ఉంది, వినేవాళ్ళు దొరికితే వదిలిపెట్టను.

పుట్టింది సముద్రాలకు అవతల ఏదో ఫ్యాక్టరీలో. ఏ ఊరో నా వీపు మీద చీటీ అంటించారట గాని, నా వీపు నాకు కనిపించదు. మొదట విజయవాడలో ఒక కోచింగ్ సెంటర్లో చేరాను. తెల్లారేసరికి పరీక్ష పేపర్లు దించడం నా పని. లెక్కలో తప్పు మాస్టారిదైనా పిల్లల తిట్లు మాత్రం నాకు. తరువాత ఒక విత్తనాల కంపెనీ ఆఫీసుకు మారాను. అక్కడ పని తక్కువ, దుమ్ము ఎక్కువ. ఆ కంపెనీ మూతపడి సామాను అమ్మేస్తుంటే, తణుకు నుంచి ఒక పెద్దమనిషి వచ్చి నన్నూ, నా పక్కనున్న పాత కంప్యూటర్‌నూ కలిపి వ్యానులో వేసుకుపోయారు. మంచి రోజు చూసుకుని మరీ బయలుదేరారట. ఆ సంగతి దారి పొడుగునా డ్రైవరుకు చెబుతూనే ఉన్నారు.

ఆయనే ఉపద్రష్ట కామేశంగారు. ముందుగదిలో రెండు బల్లలు, నాలుగు కుర్చీలు, గోడ నిండా ఆయన కుదిర్చిన జంటల ఫొటోలు. అదే ఉపద్రష్టవారి పెళ్ళిసంబంధాల కేంద్రం. ఇందరికి పెళ్ళిళ్ళు చేసిన మనిషి తాను మాత్రం చేసుకోలేదు. వయసులో ఉండగా ఒక సంబంధం వచ్చిందట. ఈయనకు ఆ అమ్మాయి నచ్చింది, ఆ అమ్మాయికీ ఈయన నచ్చారు, జాతకాలకే ఒకదానికొకటి నచ్చలేదు. వద్దనుకున్నారు. ఆ తరువాత మరో సంబంధం చూడలేదు.

ఇంట్లో ఆయన కాక మేనకోడలు సువర్చల ఉండేది. చెల్లెలూ బావా పోయాక చిన్నప్పుడే తెచ్చి పెంచుకున్నారు. నేను వచ్చేనాటికి ఆమెకు ముప్పై దాటాయి. ఆమెకు వచ్చిన ప్రతి సంబంధమూ మామయ్య చేతిలో ఎక్కడో ఒకచోట జారిపోయేది. ఒకడికి కుజదోషం, ఒకడికి నాడీదోషం. ఏ దోషమూ లేనివాడు ఒకడొచ్చాడు గాని, వాడు పుట్టిన సమయం మీద ఈయనకు అనుమానం కలిగింది. పుట్టిన వేళ విషయంలో కామేశంగారు నిప్పులు కడిగే మనిషి. తల్లిదండ్రులు వచ్చి, "పది నిమిషాలు ఇటు జరిపితే కలిసిపోతుందటండీ, కాస్త సర్దండి" అని బతిమాలుకునేవారు. "జరపాలంటే పిల్లాణ్ణి మళ్ళీ కనాలి. వెళ్ళి కనుక్కు రండి" అని పంపించేసేవారు.

ఇక నా బాధలకు వస్తాను. కామేశంగారి జాతకాల సాఫ్ట్‌వేర్ ఆ పాత కంప్యూటర్‌లో, పాత ఆపరేటింగ్ సిస్టమ్ మీదే నడుస్తుంది. కొత్త వెర్షన్‌లో వేస్తే పలకదు. "గ్రహాలు మారలేదు కదా, కంప్యూటర్ ఎందుకు మార్చడం" అనేవారు ఆయన. బయోడేటాలు, ఫొటోలు, ఇంటర్నెట్ వ్యవహారం సువర్చలది. ఆమెకు కొత్త ల్యాప్‌టాప్, అందులో కొత్త వెర్షన్. నా కేబుల్ పాతదానికే తగిలించి ఉంది. నాకూ కంప్యూటర్‌కూ మధ్య మాట కలిపే డ్రైవర్ అనేదొకటి ఉంటుంది. కొత్త వెర్షన్‌కు సరిపడే డ్రైవర్ చేయడం నన్ను పుట్టించినవాళ్ళు ఎప్పుడో మానేశారు. అందుకని ల్యాప్‌టాప్ నన్ను ఎరగనట్టే ఉండేది. రెండు కంప్యూటర్లదీ ఒకే కంపెనీ సిస్టమ్, వెర్షన్లే వేరు. ఒకే గోత్రం కాబట్టి పొసగడం లేదని కామేశంగారు తేల్చేశారు.

అప్పుడు పిలిపించారు తోట నూకరాజును. బస్టాండు దగ్గర కంప్యూటర్ల రిపేరు కొట్టు అతనిది. ముప్పై ఆరేడేళ్ళుంటాయి, పెళ్ళి కాలేదు, మాటకు ముందు ‘ఆయ్’ అంటాడు. నన్ను ఇటూ అటూ తిప్పి చూసి తల గోక్కున్నాడు.

"ఆయ్, దీని డ్రైవరు కొత్తదానికి దొరకదండి. దీని అన్నగారి మోడలుది దొరుకుద్ది. అదేసి చూద్దామండి."

"అంటే ఇది వేరే ప్రింటరని ల్యాప్‌టాప్‌కి అబద్ధం చెబుతామా?" అంది సువర్చల.

"ఆయ్. మీ బయోడేటాల్లో రాత్తారు కదండి, అలాగే."

సువర్చల నవ్వింది. నేను వచ్చాక ఆమె ముందుగదిలో నవ్వడం అదే మొదలు. అలా నేను మా అన్నగారి పేరు పెట్టుకుని ల్యాప్‌టాప్‌కు పరిచయమయ్యాను. ఇంకో చిక్కు వచ్చింది. పాత కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ లేదు. తాళం లేని ఇంట్లోకి కొత్త వెర్షన్ అడుగుపెట్టదట. ముందు తాళం వేసి, ఆ తాళంచెవి దాని చేతికిస్తేగాని లోపలికి రాదు. "దోచుకుపోవడానికి అందులో ఏముందయ్యా, శనీ రాహువూ తప్ప" అని గొణుక్కుంటూనే కామేశంగారు పాస్‌వర్డ్ పెట్టించారు. షేరింగ్ కలిసింది. ల్యాప్‌టాప్‌లో నొక్కితే, ఆ మాట పాత కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి, అక్కడి నుంచి నాకు చేరేది.

దీనిలో ఒక మెలిక ఉంది. పాత కంప్యూటర్ ఆన్‌లో ఉంటేనే ల్యాప్‌టాప్ మాట నాకు చేరుతుంది. కామేశంగారేమో రోజూ రాహుకాలం రాగానే పాత కంప్యూటర్‌ను ఆపేస్తారు. ఆ వేళలో ఒక్క జాతకం బయటికి రాకూడదని ఆయన నియమం. ఆ గంటన్నరలో సువర్చల పంపిన కాగితాలన్నీ ల్యాప్‌టాప్‌లోనే బారు తీరి నిలబడేవి. రాహువు దయతలచి వెళ్ళిపోగానే ఈయన స్విచ్ వేస్తే, అన్నీ ఒక్కసారి నా మీద పడేవి. వరుళ్ళూ వధువులూ తోసుకుంటూ వస్తుంటే నా తలప్రాణం తోకకొచ్చేది.

మరో గొడవ, అప్‌డేట్లు. ల్యాప్‌టాప్ అప్‌డేట్ అయినప్పుడల్లా మా చుట్టరికం మరిచిపోయేది. మళ్ళీ నూకరాజు రావాలి, మళ్ళీ అన్నగారి పేరు చెప్పాలి. ఆ అప్‌డేట్‌ను వాయిదా వేసే బటన్ ఒకటి ఉంటుంది. మొదట్లో సువర్చల దాన్ని నొక్కేది. కొన్నాళ్ళకు నొక్కడం మానేసింది. ఆ తరువాత, అప్‌డేట్లు ఏమైనా వచ్చాయా అని తానే వెతికి మరీ పెట్టేది. నూకరాజు వచ్చేవాడు, కాఫీ వచ్చేది. పది నిమిషాల పనికి అతను నా మూత తీసి, ఏ పాపమూ ఎరగని నా రోలర్లను గంటసేపు తుడిచేవాడు. అంత శుభ్రంగా నేను ఎన్నడూ లేను. పక్క బల్ల దగ్గర కామేశంగారు గ్రహాల్లో మునిగి ఉండేవారు. ఊళ్ళో అందరి జంటలూ కనిపెట్టే మనిషికి మూడడుగుల దూరంలో ఉన్నది కనిపించలేదు.

ఒక సాయంత్రం ఆయన గుడికి వెళ్ళినప్పుడు సువర్చల అంది: "మామయ్యకి చెప్పాలంటే భయంగా ఉంది. మొదటి ప్రశ్నే జాతకం అడుగుతారు."

"నాకు జాతకవే లేదుగాండీ" అన్నాడు నూకరాజు.

"అదే నా భయం. లేదంటే కాదంటారు. ఆయన కాదన్నాక చేసుకోలేను, మిమ్మల్ని వదులుకోనూ లేను. ముందు రిజిస్టరాఫీసులో దరఖాస్తు ఇచ్చేద్దాం. తరవాత కాళ్ళ మీద పడతాను."

నూకరాజు సరేనన్నాడు. ఆ పిల్ల తన పెళ్ళికి మామయ్య ఆశీర్వాదం ఉండదని తేల్చుకుని ఆ మాట అంది. నాకు చాలా దిగులు వేసింది.

ఆ శుక్రవారం పొద్దున ఆమె ల్యాప్‌టాప్‌లో రిజిస్టర్ పెళ్ళి దరఖాస్తు నింపి నాకు పంపింది. నేను కదల్లేదు. మళ్ళీ పంపింది, ఇంకోసారి పంపింది. రాహుకాలం మొదలై పాత కంప్యూటర్ ఆగిపోయిందన్న సంగతి ఆ కంగారులో ఆమెకు తట్టలేదు. షేరింగ్ పోయిందనుకుంది. దరఖాస్తును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, బజారులో వేయించుకుందామని వెళ్ళిపోయింది. ల్యాప్‌టాప్ మూయలేదు, నాకు పంపినవి రద్దు చేయనూ లేదు.

పన్నెండింటికి కామేశంగారు వచ్చి స్విచ్ వేశారు. వరసలో ముందున్న బయోడేటాలు వచ్చాయి. వాటి వెనక ఏముందో నాకు తెలుసు. నన్ను అందరూ తిట్టేది ఒక్కందుకే, కాగితం ఇరికించుకుంటానని. ఆ ఒక్క విద్యా ఇప్పుడు పనికొస్తుందని ఎంతో ప్రయత్నించాను. నూకరాజు తుడిచి తుడిచి పెట్టిన రోలర్లు మరి. మూడు దరఖాస్తులూ వెన్నలా జారి ఆయన చేతిలో పడ్డాయి.

ఆయన మొదటిది చదివారు. రెండోదాంట్లో వేరే ఏమైనా ఉంటుందేమోనన్నట్టు అదీ చదివారు, మూడోదీ చదివారు. కుర్చీలో కూలబడి చాలాసేపు గోడ మీది ఫొటోలు చూస్తూ ఉండిపోయారు. తరువాత ఫోను తీసి స్పీకర్‌లో పెట్టారు.

"ఆయ్, మళ్ళీ షేరింగు పోయిందాండి?" అన్నాడు అవతల నూకరాజు.

"అది బాగానే ఉంది. నువ్వు పుట్టిందెప్పుడయ్యా?"

ఎందుకడుగుతున్నారో అతనికి అర్థమైనట్టే ఉంది. తారీకు చెప్పాడు.

"టైము?"

"టైమంటే... మా అమ్మ నాట్లకెళ్ళి ఆ గట్టు మీదే కనేసిందండి. అక్కడ గడియారం ఎవరికుంటదండి. వర్షం పడతందంట."

"ఆ వర్షం ఎప్పుడు పడింది?"

"మూడ్రోజులు పడిందంటండి."

"వర్షానికి లగ్నం ఉండదయ్యా" అని ఫోను పెట్టేశారు.

కులం పేరెత్తి కేకలేస్తారనుకున్నాను. ఆ మాటే ఎత్తలేదు. ఆయనను తినేస్తున్నది పుట్టిన వేళ లేకపోవడం. పాత కంప్యూటర్‌లో సువర్చల జాతకం తెరిచి, పక్కన నూకరాజు పేరూ తారీకూ కొట్టారు. సమయం గడి ఖాళీగా ఉంచి నొక్కారు. సాఫ్ట్‌వేర్ ఒప్పుకోలేదు, సమయం ఇమ్మంది. మళ్ళీ నొక్కారు, మళ్ళీ అదే అడిగింది. అప్పుడు ఆ గడిలో ‘అర్ధరాత్రి పన్నెండు’ అని కొట్టారు.

తెర మీద కనిపించేదాన్ని ఆయన నమ్మరు, కాగితం మీద పడాలి. వేశాను. చూశారు, పక్కన పెట్టారు. రెండు గంటలు కలిపి కొట్టారు. అదీ వేశాను. తెల్లవారుజాము వేశాను, పొద్దున వేశాను. అన్నింట్లోనూ కుజుడో నక్షత్రమో అడ్డం పడుతూనే ఉన్నాయి. నాలుగో కాగితానికిగాని నాకు అర్థం కాలేదు. ఈయన నూకరాజు ఎప్పుడు పుట్టాడో కనుక్కోవడం లేదు. తమ పిల్లకు సరిపోయే వేళ కోసం ఆ రోజంతా గాలిస్తున్నారు. పది నిమిషాలు జరపమంటే మండిపడే మనిషి, మధ్యాహ్నం దాటించి, సాయంత్రం దాటించి పోతున్నారు. కాగితాలు అయిపోతే లేచి వెళ్ళి కొత్త కట్ట తెచ్చి నాలో పెట్టారు. ఆ పని ఎప్పుడూ సువర్చలది.

ఆమె గుమ్మంలోకి వచ్చేసరికి బల్ల నిండా జాతకాలు, వాటి మధ్య మూడు దరఖాస్తులు.

"మామయ్యా" అంది. "నీకు చెప్పకుండా చేద్దామని కాదు. నువ్వు కాదంటావేమోనని..."

ఆయన తల తిప్పలేదు. చివరి కాగితం నా నోట్లోంచి పూర్తిగా వచ్చేదాకా ఆగి, తీసి, కింద నుంచి పైకి ఒకసారి చదువుకుని ఆమె చేతిలో పెట్టారు.

"ముప్పై ఆరు గుణాలకి ఇరవై ఎనిమిది. కుజుడి గొడవ లేదు, నాడి గొడవ లేదు. ఇంత మంచి పొంతన ఈ మధ్య నేను చూడలేదు. కూర్చో, ముహూర్తం చూద్దాం."

సువర్చల కాగితం చూసింది. కన్నీళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. ఈ కేంద్రంలో పెరిగిన పిల్ల, ముందు చూసేది పుట్టిన వేళే. అక్కడ రాత్రి ఏడున్నర అని ఉంది.

"ఆయన నాట్లలో పుట్టారు కదా మామయ్యా" అంది మెల్లగా. "ఏడున్నరకి చీకటి పడిపోతుంది. చీకట్లో నాట్లెవరు వేస్తారు?"

కామేశంగారు కళ్ళజోడు తీసి, పంచె కొంగుతో తుడుచుకుంటూ కూర్చున్నారు.

"ఆ రోజు పొద్దు కాస్త ఆలస్యంగా గుంకిందే అమ్మాయ్" అన్నారు.