రెండేళ్ళు ముందొచ్చిన వీడ్కోలు

నీళ్ళ సరఫరా ఆఫీసులో రికార్డుల గది చూసుకునే ఆవిడను అందరూ ఫైలక్క అనేవారు. ఏ వీధి కింద ఏ గొట్టం ఎప్పుడు వేశారో కాగితం చూడకుండా చెప్పేది. వయసు యాభై ఎనిమిది. ఆ ఆఫీసులో అరవై నిండితేనే రిటైర్మెంటు.

ఒక శుక్రవారం సాయంత్రం మీటింగ్ హాల్లో ఎవరికో వీడ్కోలు అంటే వెళ్ళి వెనక వరసలో కూర్చుంది. "ఆమె లేకపోతే ఈ ఆఫీసుకు కళ్ళే లేవు" అని మేనేజరు మైకులో అంటుంటే, ఎవరో పుణ్యాత్మురాలనుకుని చప్పట్లు కూడా కొట్టింది. తీరా పిలిచింది తననే.

"సార్, నాకింకా రెండేళ్ళు..." అనబోయింది.

"చూశారా! వదిలి వెళ్ళడానికి మనసొప్పట్లేదు" అన్నాడు మేనేజరు. హాలంతా కరిగిపోయింది. ఒక గోడ గడియారం చేతిలో పెట్టి ఫొటో తీశారు. ఆ సందట్లో ఆమె మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఇంట్లో సంగతి చెబుదామంటే అక్కడ అప్పటికే ఆమెకు పనుల పంపకాలు అయిపోయాయి. ఆమెను ఆశ్చర్యపరుద్దామని, చెప్పొద్దంటూ ఆఫీసువాళ్ళు వారం ముందే భర్తకు ఫోన్ చేశారట. పొద్దున మనవరాలిని బడిలో దింపడం, మధ్యాహ్నం ఆడపడుచును మోకాళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం, ఆ మధ్యలో ఇంటి పనంతా.

"ఇక మీకు హాయిగా విశ్రాంతే అత్తయ్యా" అంది కోడలు, అత్తగారి ఫోన్‌లో ఐదున్నరకు అలారం పెడుతూ.

సోమవారం తొమ్మిదింటికల్లా ఫైలక్క ఆఫీసులో ఉంది. ఆమె కుర్చీలో ప్రింటరు కూర్చుని ఉంది. మేనేజరు ఆమెను చూసి దయ్యాన్ని చూసినట్టు అదిరిపడ్డాడు.

"ఏమైనా మరిచిపోయారామ్మా?"

"నేను కాదు సార్, మీరే మరిచిపోయారు. నాకు యాభై ఎనిమిదే."

"కంప్యూటర్లో అరవై అని ఉందే!"

"దాన్ని కన్నది మా అమ్మ కాదుగా సార్?"

మేనేజరు కంప్యూటరు తెర వైపు ఓసారి చూశాడు. "సరే, దిద్దిద్దాం. కానీ దిద్దాలంటే రికార్డుల సెక్షన్ నుంచి నోటు రావాలి. ఆ సెక్షన్లో ఇప్పుడు ఎవరూ లేరు. మీరు రిటైరయ్యారు కదా!"

ఫైలక్క ప్రింటరును నేల మీదికి దించి, తన సర్వీసు ఫైలు తీసి, పుట్టిన తేదీ కాగితం పైన పెట్టి, తానే నోటు రాసి, తానే సంతకం పెట్టి, తానే పట్టుకెళ్ళి ఆయన ముందు పెట్టింది. అరగంట పట్టింది.

అంతటితో ఊరుకుంటే ఫైలక్క ఎందుకవుతుంది? కంప్యూటర్లోని ఉద్యోగుల జాబితా మొత్తం ఫైళ్ళతో సరిచూసింది. టెలిఫోన్ ఆపరేటరుకు రెండేళ్ళు ఎక్కువ. ఊడ్చే ఆవిడకు రెండేళ్ళు. పటాలు గీసే ఆవిడకూ అంతే. మగవాళ్ళ తేదీలు మాత్రం ఒక్క రోజు కూడా కదలలేదు.

కంప్యూటర్ సెక్షన్ గుమాస్తాను పిలిపించారు. ఆయన బట్టతల గోక్కుంటూ, "ఆడవాళ్ళు ఎలాగూ వయసు రెండేళ్ళు తగ్గించే చెప్తారు కదా సార్. లెక్క సరిగ్గా రావాలని నేనే కలిపాను" అన్నాడు, మెచ్చుకుంటారేమోనన్నంత వినయంగా.

"మగవాళ్ళు మీసాలకు రంగేస్తారు. వాళ్ళకెన్ని కలిపారు?" అంది ఫైలక్క. నల్లటి మీసాల మేనేజరు దిద్దుబాటు కాగితాల మీద గబగబా సంతకాలు చేశాడు.

టెలిఫోన్ ఆపరేటరుకు వచ్చే శుక్రవారమే వీడ్కోలు. శుభవార్త చెబుదామని ఫైలక్క మెట్లెక్కి పరుగున వెళ్ళింది. విన్న ఆపరేటరు ఆమెను వాటేసుకుంది. మరుక్షణమే తల పట్టుకుని కూలబడింది.

"అయ్యో అక్కా! మా కోడలు నిన్ననే పనిమనిషిని మాన్పించేసిందే!"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు ఫైలక్కకు నవ్వొచ్చింది. తర్వాత ఆపరేటరుకూ ఆగలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వారు.

"ఇప్పుడెలా అక్కా?"

"ఇంకో మనిషిని వెతుక్కోమను. మన ఉద్యోగం అరవై దాకే. ఆ ఇంటి ఉద్యోగానికి వయసు హద్దే లేదమ్మా!"

ఫోన్ మోగింది. ఆపరేటరు పైటతో కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుని, "నీళ్ళ ఆఫీసండీ, చెప్పండి" అంది.