విమానానికి సానుపు

వరికి దోమ పట్టిన ఏడు, మందు కొట్టడానికి సర్కారు ఒక చిన్న విమానాన్ని పంపింది. అది దిగడానికి దంతాలపల్లి శివారులోని మా నల్లరేగడి చెలకను చదును చేయించారు మా మామగారు రఘునాథరావు. విమానం దిగింది, జారింది, గట్టుకు గుద్దుకుని తలకిందులైంది. పైలెట్ వెంకట్రాం తల పగిలి ఎడ్లబండిలో మానుకోట దవాఖానకు పోయాడు.

విచారణకు వచ్చిన ఆఫీసరు మా ఇంట్లోనే దిగాడు. తలకు కట్టుతో వచ్చిన పైలెట్ ఒక్కటే మాట చెప్తున్నాడు: బ్రేకు పట్టింది, నేలే జారిందని. ఆఫీసరు బయటి ఎండను చూసి, వాన ఎప్పుడు పడిందని మామను అడిగాడు.

దసరా నుంచి చుక్క లేదన్నారు మామ. అది నిజమే. మా మామ అబద్ధమాడరు. నిజంలో కొంత మిగుల్చుకుంటారు.

ఆ మిగిలింది ఏమిటంటే, ఇంటికి ఎవరొస్తున్నా వాకిట్లో పేడనీళ్లతో సానుపు జల్లించనిదే మా అత్తమ్మ వెంకటనర్సమ్మకు తోచదు. విమానమొస్తోందంటే దిగే చోటంతా పీపాలతో జల్లించింది. ముగ్గు కూడా వేయించేదే, పిండి చాలలేదు. ప్రమాదమయ్యాక మామ అక్కడ గుంటుక తోలించి, తడి గుర్తులు చెరిపించి, నీళ్ల సంగతి ఎవరూ మాట్లాడొద్దన్నారు. పంచాయతీ సమితి ఎన్నికలు దగ్గర పడ్డాయి, మామ నిలబడుతున్నారు మరి.

పొద్దున్నే చెలక చూసి, తప్పు పైలెట్‌దేనని ఆఫీసరు రాసి పోతాడట. ఆ రాత పడితే వెంకట్రాం మళ్లీ విమానమెక్కడు. ఆ రాత్రి అతను కలిపిన అన్నం ముందు పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. చారు పోస్తూ నోరు విప్పబోయాను. మామ నా వైపు చూశారు. చారే పోశాను.

మాట్లాడొద్దన్నారు గానీ, జల్లొద్దనలేదు కదా. వంటింట్లోకి పోయాను.

"అత్తమ్మా, గంత పెద్ద ఆఫీసరు పొద్దుగాల చెలకకు పోతున్నడట. ఎండిన నేల మీదనే నడిపిస్తమా?"

ఆమె నన్ను కాసేపు అట్లాగే చూసింది. "బీఏ చదివినవ్, గిప్పుడు యాదికొచ్చిందా?" అని, పనిమనిషి గట్టమ్మను కేకేసింది.

పొద్దున వెంకట్రాంతో సహా మేమంతా గట్టు మీద ఉండగానే ఆఫీసరు జీపు వచ్చింది. చెలక నల్లగా మెరవడం చూసి మామ చెయ్యెత్తబోయారు. అప్పటికే డ్రైవరు బ్రేకు తొక్కాడు. జీపు ఆగలేదు. అడ్డం తిరిగి, విమానం విరిగిన రెక్క పక్కనుంచి జారుకుంటూ వచ్చి, గట్టుకు జానెడు దూరంలో నిలిచింది.

ఆఫీసరు లోపలినుంచే వంగి నేలను చూశాడు. ఇది ఎవరి పని అని అడిగాడు. గట్టమ్మ చేతిలో చెంబును వెనక్కి దాచుకుంది. మామ గొంతు సవరించుకున్నారు.

అత్తమ్మ కొంగు నెత్తిమీదికి లాక్కుని ముందుకొచ్చింది.

"నేనే జల్లిచ్చిన. ఇమానమొచ్చిన దినం గూడ గిట్లనే జల్లిచ్చిన. వచ్చేటోళ్లకు ఎండిన వాకిలి చూపిస్తమా సారూ?"

మామ చెప్పుల వైపు చూసుకున్నారు. ఆఫీసరు ఒక కాలు కింద పెట్టి, అది జారేసరికి, వెంకట్రాం వైపు చెయ్యి చాచాడు.

వెంకట్రాం ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "మెల్లగా సార్," అన్నాడు, "నేల జారుతుంది."