లోపలి నట్లు

వారమంతా ఊళ్ళోవాళ్ళ పళ్ళు బాగుచేసే డాక్టరమ్మ, ఆ ఆదివారం పొద్దున్నే తన పళ్ళు తనే నూరుకుంటోంది. కారణం ఆమె తండ్రి. బస్సుల డిపోలో చక్రాలు విప్పి బిగించడంతోనే ఉద్యోగమంతా గడిపి రిటైరైన ఆయన్ని వీధిలో అందరూ మేస్త్రి అంటారు. ఇంట్లో ఆయన భార్య మాత్రం, వినబడదనుకున్నప్పుడు, మొండిఘటం అంటుంది.

గొడవంతా కారు గురించి. డాక్టరమ్మ ముచ్చటపడి కొనుక్కున్న పాత స్పోర్ట్స్ కారది, రెండే సీట్లు. కంపెనీ ఇచ్చిన చక్రాలంటే ఆమెకి ప్రాణం, చచ్చినా మార్చనంటుంది. కానీ అవి మడ్‌గార్డుల కింద లోపలికి నక్కి ఉండి, అంత అందమైన బండినీ పీలగా చూపిస్తున్నాయి. అందుకని స్పేసర్లు తెప్పించింది. బొటనవేలి మందాన ఉండే గుండ్రటి బిళ్ళలవి. ముందు బిళ్ళని నట్లతో ఇరుసు చివర చక్రం కూర్చునే హబ్బుకి బిగించాలి, తరవాత ఆ బిళ్ళ మీంచి పొడుచుకొచ్చిన స్టడ్లకి చక్రాన్ని బిగించాలి. చక్రం ఆ మేరకు బయటికి వస్తుంది. అయితే చక్రం ఎక్కాక లోపలి నట్లు కంటికి కనబడవు. చిక్కంతా అక్కడే వచ్చింది.

"అంత కంపెనీవాడికి తెలీదా చక్రం ఎంత లోపలుండాలో?" అని మేస్త్రి మొదట సణిగాడు. అయినా పానా మాత్రం కూతురి చేతికివ్వలేదు.

పోయిన వానాకాలం బాత్రూంలో జారిపడి ఆయన కుడి మణికట్టు విరిగింది. ఎముక అతికింది గానీ పట్టు తిరిగి రాలేదు. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటాడు, అడిగితే వేడిగా ఉందంటాడు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు.

"ఇదిగో నాన్నా, టార్క్ రెంచి. ఎంత బిగువు కావాలో దీని మీద పెట్టుకుంటే, అంతకి రాగానే టక్కుమంటుంది. మనుషుల నోట్లో పెట్టే మరలు కూడా నేను కొలిచే బిగిస్తాను."

"నోట్లో నువ్వు బిగించుకో. చక్రాల జోలికి రాకు," అన్నాడు మేస్త్రి.

ఆయన పద్ధతి వేరు. పానాతో బిగించి, చిన్న సుత్తితో నట్టు మీద ఒక్కటిచ్చి చెవి ఒగ్గుతాడు. ఖంగుమంటే బిగిసినట్టు. కుడివైపు రెండు చక్రాలకీ అలాగే చేశాడు. హబ్బు మీది తుప్పు తీగ బ్రష్షుతో గీకి, బిళ్ళ కూర్చోబెట్టి, బిగించి, ఒక్కో నట్టునీ మోగించి, "విన్నావా?" అని కూతురి వంక గర్వంగా చూశాడు. ఆమెకి అన్నీ ఒకేలా వినిపించాయి. ఎడమవైపు ముందు చక్రానికి వచ్చేసరికి ఆయన చొక్కా తడిసిపోయింది. పానా రెండుసార్లు జారింది.

"నాన్నా, ఇటివ్వు. చివరి చక్రమొక్కటి నేను బిగిస్తా."

"నాకేం చేతులు పడిపోలేదు!"

వంటింట్లోంచి తల్లి కేకేసింది. "అడిగింది కదా, ఇచ్చెయ్యరాదూ? పానాయే కదా, కిరీటమేం కాదుగా!"

ఆ మాటతో మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. ఎడమవైపు వెనక చక్రం దగ్గర గబగబా బిళ్ళ బిగించి, సుత్తి ముట్టకుండానే చక్రం ఎక్కించేశాడు. డాక్టరమ్మ చూసింది. నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. అడిగితే ఆ మనిషికి మిగిలిన కాస్త పనీ లాగేసుకున్నట్టవుతుంది. అడక్కపోతే ఏదో ఒకరోజు చక్రం ఊడి రోడ్డున పడాలి. ఇలాంటి తండ్రినిచ్చినందుకు దేవుణ్ణీ, ఇలాంటి కారు కొన్నందుకు తననీ కలిపి తిట్టుకుంది.

జాకీ దించారు. చక్రాలు మడ్‌గార్డులతో సమంగా వచ్చి నిలబడ్డాయి. బండి భలే ముద్దొచ్చింది, కానీ చూసి మురిసే ఓపిక ఇద్దరికీ లేదు. నాన్న చేతులు కడుక్కుంటుంటే ఆమె టార్క్ రెంచిని సీటు వెనక దాచింది. తాళం తిప్పేలోగా ఆయన వచ్చి, పిలవకుండానే పక్క సీట్లో కూర్చున్నాడు. "పద, ఓ చుట్టు తిరిగొద్దాం."

బండి వీధి దాటి పెద్ద రోడ్డెక్కింది. సైకిళ్ళకి కూడా దారిస్తూ నడిపింది డాక్టరమ్మ. చెవులు రెండూ వెనక ఎడమ చక్రం మీదే ఉన్నాయి. ఏ చప్పుడూ రాలేదు. రాకపోయినా ధైర్యం చిక్కలేదు. ఓ మలుపు దాటాక ఇక ఆమె వల్ల కాలేదు, బండి పక్కకి తీసి ఆపేసింది.

"నాన్నా, నీ చెయ్యి మీద నాకు నమ్మకం లేదు," అంది. అన్నాక తనకే ఏడుపొచ్చింది. "తిట్టుకో, అలుగు, ఏమైనా చెయ్యి. ఆ చక్రం విప్పి చూస్తే గానీ నేను బండి కదిలించను."

మేస్త్రి తిట్టలేదు. దిగి, జాకీ తనే తీసి పెట్టాడు. ఇద్దరూ కలిసి చక్రం ఊడదీశారు. ఆమె రెంచిని లోపలి నట్టుకి తగిలించి నొక్కింది. టక్కుమనాల్సింది పోయి నట్టు తిరిగింది. చాలా తిరిగాక గానీ చప్పుడు రాలేదు. రెండోదీ అంతే. మూడోది ఇంకా అధ్వాన్నం.

"నాకు తెలుసే," అన్నాడు మేస్త్రి.

"ఏం తెలుసు?"

"సరిగ్గా బిగియలేదని. కొడితే మొద్దుగా పలుకుతుందని భయమేసి, సుత్తి ముట్టుకోలేదు."

డాక్టరమ్మ రెంచి కింద పెట్టేసింది. "తెలిసీ ఎక్కావా? తెలిసీ నన్ను నడపనిచ్చావా?"

"నిన్నొక్కదాన్నే ఎలా పంపను? చెబుదామనే ఎక్కాను. వీధి చివర చెబుదామనుకున్నా, నోరు రాలేదు. పెద్ద రోడ్డెక్కాక చెబుదామనుకున్నా. నువ్వు మెల్లగానే పోతున్నావు కదా, ఇంకాస్త దూరం మేస్త్రిగానే ఉందామనిపించింది."

ఇద్దరం చచ్చుండేవాళ్ళం అని అరవాలనిపించింది ఆమెకి. అరిచింది కూడా. దారిన పోయేవాళ్ళు తలలు తిప్పి చూస్తున్నా ఆపలేదు. మేస్త్రి రోడ్డు పక్కన గొంతుకూర్చుని అంతా విన్నాడు. ఆమె అరిచి అరిచి అలిసిపోయాక, కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, "తక్కిన మూడూ కూడా విప్పి చూడమ్మా," అన్నాడు.