కటింగ్ బల్ల

"ఇస్తావా ఇవ్వవా అని కాదమ్మా, ఎవరికివ్వాలో చెప్పమంటున్నా," అన్నారు మా ఆయన, అత్తయ్య కొలత టేపుతోనే హాలు మళ్లీ కొలుస్తూ.

"మీ నాన్న కంటే ముందునుంచీ ఉంది నాకా బల్ల," అంది అత్తయ్య.

"మర్యాద కూడా నాకంటే దానికే ఎక్కువ," అన్నారు మావయ్య పేపరు చాటునుంచి.

పొద్దుట్నుంచీ ఇదే రగడ. అత్తయ్యకి పార్కిన్సన్స్. చేతులు వణుకుతాయి, నడుస్తూ నడుస్తూ పాదాలు నేలకి అతుక్కుపోతాయి. ఇంట్లోనే వ్యాయామం చేసుకోమని ఆసుపత్రివాళ్లు కళ్లకి తగిలించుకునే వీఆర్ పెట్టె ఇచ్చారు. దానికి ఖాళీ జాగా కావాలి. మా హాల్లో సగం అత్తయ్య బట్టలు కత్తిరించే బల్లదే. ఆవిడ కుట్టుపని ఆగిపోయి ఏడాదైంది. మళ్లీ కుడతానని ఆవిడ, ఇక చాలని ఈయన.

చివరికి బల్లని గోడకి నిలబెట్టి, ఆవిడకి పెట్టె తగిలించాం. అందులో వాగు, వాగులో వరసగా రాళ్లు కనిపిస్తున్నాయట. ఒక్కో రాయి మీద అడుగేస్తూ హాలంతా ఆగకుండా నడిచింది.

"చూశావా, బల్ల లేకపోతే ఎంత హాయిగా ఉందో," అన్నారు ఈయన.

అత్తయ్య పెట్టె తీసి గదిలోకి వెళ్లబోయింది. గుమ్మం దగ్గర కాళ్లు కదల్లేదు. ఈయన కంగారుగా చెయ్యి పట్టుకోబోయారు.

"ముట్టుకోకురా," అంది. కాసేపు నేలని చూసింది. "అందులో కాలెక్కడ వెయ్యాలో కనిపిస్తోంది. ఇక్కడ నేలంతా ఒకటే తెలుపు. అమ్మాయ్, నా నీలం సుద్ద తీసుకురా."

బట్ట మీద గుర్తులు పెట్టే సుద్దతో గుమ్మానికి అటూ ఇటూ అడ్డగీతలు గీశాను.

"ఆ వంకరేంటి? చొక్కా అయితే గిరాకీ పోయేది," అంది నా వైపు చూసి. తర్వాత మొదటి గీత దాటింది. రెండోదీ దాటింది. గది లోపలికి వెళ్లి, మళ్లీ అలాగే తిరిగొచ్చింది. ఈయన చేతులు చాపుకుని పక్కనే అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు.

"తుడిస్తే పోతాయిగా అవి," అన్నారు.

"పోతే నీ పెళ్లాం మళ్లీ గీస్తుంది."

మధ్యాహ్నం కంచాలు ఒళ్లో పెట్టుకుని అందరం తింటున్నాం. అత్తయ్య తలెత్తకుండా, పప్పులో ఉప్పు గురించి చెబుతున్నంత మామూలుగా అంది.

"రోజూ పొద్దున్న ఆ పెట్టె తగిలించుకుంటాను. అదయ్యాక బల్ల దించండి. సోమవారం నుంచి కుడతాను. ముందు దిండు గలీబులు. కుట్టు వంకరపోయినా తల కింద ఎవరికీ కనపడదు. నా టేపు ఇటివ్వరా."