పాత పార్టు

పంపుసెట్ల విడిభాగాల కొట్టు, మాటకి మాట అప్పజెప్పే భార్య, గురక పెట్టే ఆరేళ్ళ కూతురు పిట్ట. ఆ ఏడు మొదట్లో నాకున్న ఆస్తి ఇంతే. భయమంతా ఆ గురకతోనే. నిద్రలో పిట్ట ఊపిరి ఉన్నట్టుండి ఆగిపోయేది. మేమిద్దరం కూడా ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళం. అది మళ్ళీ గుర్రుమన్నాకే మాకు ప్రాణం లేచొచ్చేది.

టాన్సిల్స్ తీసేయాలంది డాక్టరమ్మ.

"రెండు పద్ధతులున్నాయండీ. ఒకటి కత్తితో మొత్తం తీసేయడం. రెండోది లోపలే కరిగించి, అడుగున పల్చటి పొర వదిలేయడం. దీనిలో నొప్పి తక్కువ, పాప తొందరగా తేరుకుంటుంది. ఎక్కడో ఒకరికి మళ్ళీ పెరగొచ్చు."

"కరిగిస్తే ముక్క చేతికి రాదా?"

"రాదు. ముక్కతో మీకేం పని?"

పనుంది. మా వ్యాపారంలో కొత్త పార్టు వేస్తే పాతది కస్టమర్ చేతిలో పెట్టాలి. పాతది చూపించని మెకానిక్‌ని ఎవరూ నమ్మరు. కత్తే ఖాయం చేశాను.

"నొప్పి దానికి, నమ్మకం మీకా? బాగుంది బేరం!" అంది మా ఆవిడ.

పిట్ట చాన్నాళ్ళు గుటక వేయలేక ఏడ్చింది. ఊపిరి మాత్రం తేటపడింది. ఆసుపత్రి వాళ్ళను బతిమాలి ఆ రెండు ముక్కల్నీ మందునీళ్ళ సీసాలో తెచ్చుకుని, కొట్లో అల్మారాలో బేరింగుల పక్కన పెట్టాను.

ఒక మధ్యాహ్నం గురక వినిపించింది. పిట్ట కౌంటరు వెనక చాప మీద, నోరు మూసుకుని పడుకుని ఉంది. అప్పుడే క్యారేజీతో వచ్చిన మా ఆవిడ గుమ్మంలోనే ఆగింది.

"దీనికి మళ్ళీ మొదలైందా?"

"దీనికి కాదు."

ఆమె అల్మారా దగ్గరికి వెళ్ళి చెవి పెట్టింది. క్యారేజీ చేతిలోంచి జారింది.

"పారబోయండి. ఇప్పుడే పారబోయండి."

సీసా మూత తిప్పాను. గురక ఆగింది. చాప మీద పిట్ట ఛాతీ కూడా కదలడం మానేసింది.

"ఏవండీ! మూత పెట్టండి!"

మూత మళ్ళీ బిగించాను. సీసా గుర్రుమంది. పిట్ట నిట్టూర్చి పక్కకి ఒత్తిగిల్లింది.

ఇదీ లెక్క. పిట్టకి నిండు నిద్ర వచ్చింది, ఒళ్ళు చేసింది, బడిలో కునుకు తీయడం మానేసింది. మేం ఊళ్ళు తిరగడం మానేశాం. సీసా దగ్గర ఒకరోజు నేను, ఒకరోజు ఆవిడ కూర్చుంటున్నాం. కత్తి కోరుకున్నందుకు ఆమె ఇప్పుడు నన్ను ఏమీ అనడం లేదు. సీసా గురక వింటూ ఉంటుంది.